దొంగ చిగురు

మా మామయ్య పోయి రెండేళ్ళయింది. ఆయన మీద నాకు కోపం మాత్రం ఇంకా పోలేదు. అది చల్లారాక రాద్దామంటే ఈ జన్మకి అయ్యే పని కాదు కనుక, కోపంతోనే రాస్తున్నాను.

మామయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే నర్సరీలో అంట్లు కట్టాడు. మామిడి, సపోటా, నిమ్మ అన్నీ కట్టేవాడు గానీ పేరంతా పనసతోనే వచ్చింది, ఎందుకంటే పనసకి అంటు కట్టడం అందరి వల్లా కాదు. కోసిన చోటల్లా పాలు కారతాయి. ఆ పాలు జిగురై కత్తికీ వేళ్ళకీ అంటుకుంటే కిరోసిన్ పెట్టి తోమినా ఒక పట్టాన వదలదు. మామయ్య తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, మళ్ళీ పాలు ఊరేలోపు రెండు కొమ్మల్నీ కలిపేసేవాడు. పనివాళ్ళంతా ఆయన్ని "డాక్టరు" అని పిలిచేవాళ్ళు. మొక్కలు కొనుక్కున్నవాళ్ళు కూడా మళ్ళీ వచ్చినప్పుడు, "డాక్టరుగారూ, మీ పేషెంటు నాలుగాకులు వేసిందండోయ్" అని చెప్పి పోయేవాళ్ళు. ఆయన ముసిముసిగా నవ్వేవాడు. అంతకుమించి మాట్లాడించడం బ్రహ్మతరం కాదు.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. పనస గింజ నాటితే పనస చెట్టే వస్తుంది గానీ, మీరు తిన్న పనస రాదు. తియ్యటి పండు గింజకి చప్పటి పండ్లు కాసే చెట్టు రావచ్చు, గట్టి తొన ఉన్న పండు గింజకి జావలా జారిపోయే తొన రావచ్చు. అదే చెట్టు కావాలంటే దాని కొమ్మ తెచ్చి, గింజ మొలిచిన ఏదో ఒక పిల్లమొక్క మొదలుకి అతికించాలి. కింద వేరు ఎవరిదో, పైన చెట్టు మనది. అతికించిన చోట ప్లాస్టిక్ పట్టీతో బిగించేదాన్ని కట్టు అంటాం. ఆ కట్టుకి కిందనుంచి ఒక్కోసారి ఒక చిగురు లేస్తుంది. అది పిల్లమొక్కది. వదిలేస్తే బలమంతా లాగేసుకుని పై కొమ్మని చంపేస్తుంది. మా నర్సరీలో దాన్ని దొంగ చిగురు అంటాం. పొద్దున్నే వరసల మధ్య కూర్చుని, దొంగ చిగుళ్ళు గోటితో గిల్లేయడం మా మొదటి పని.

నేను ఇరవై మూడేళ్ళప్పుడు ఆ నర్సరీలో చేరాను. పని నేర్పింది మామయ్యే. నేర్పేటప్పుడు తిట్టేవాడు కాదు, అదే నాకు చిరాకు. నేను వంకరగా కోస్తే ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చేవాడు. ఒకరోజు నేనే విసుగెత్తి, "తిట్టొచ్చు కదా మామయ్యా, నీ సొమ్మేం పోయింది!" అన్నాను.

"తిడితే నీ చెయ్యి వణుకుతుంది. అప్పుడు ఇంకో ముక్క దండగ" అన్నాడు.

ఆయన ఇల్లు నర్సరీ గోడ వెనకే. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక బట్టలుతుకుకునే రాయి. ఆ రాయి పక్క తడి నేలలో ఒక పనస చెట్టు ఉండేది. నాటింది వాళ్ళ కూతురు, నా మరదలు. నాకంటే పదేళ్ళు చిన్నది. అందరం చిట్టి అనేవాళ్ళం.

చిట్టి నాలుగేళ్ళప్పుడు పనస తొనలు తిని ఏడు గింజలు అక్కడ పాతింది. మొలిచాయో లేదోనని రోజూ తవ్వి చూసేది. ఆరు గింజలు ఆ చూడటానికే చచ్చాయి. ఏడోది ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది, అందుకని అది బతికింది. చిట్టికి పదేళ్ళు వచ్చేసరికి ఆ చెట్టు మూడు కాయలు కాసింది. మొదటి పండు కోసిన రోజు దాని హడావుడి చూడాలి. అందరి చేతులకీ నూనె తనే రాసింది. "నా చెట్టు, నేను పెట్టినవాళ్ళే తినాలి" అని వాళ్ళమ్మ నోట్లో మొదటి తొన పెట్టింది. చెయ్యి చాపినందుకు నన్నొక్క దెబ్బ కూడా వేసింది.

పండు ఎలా ఉండేదంటే, తొన గట్టిగా, కొరికితే చప్పుడు వినబడేలా ఉండేది. తీపి ముందు తెలిసేది కాదు. ముందు కాస్త పులుపు తగిలి, ఆ వెనక తీపి నిండుగా వచ్చేది. అంట్లు కట్టి తలపండిన మామయ్య ఒక తొన తిని, రెండోది తిని, "ఇలాంటిది నేను చూడలేదు" అన్నాడు. చిట్టి గర్వం అంతా ఇంతా కాదు. వారం రోజులు మాతో పెద్దమనిషిలా మాట్లాడింది.

మరుసటి ఏడు కాయలు ఇంకా పచ్చిగా ఉండగానే చిట్టికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. ఐదో రోజు లేదు.

దాని గురించి ఇంతకంటే రాయలేను.

మూడు వారాలకి కాయలు పండాయి. పనస పండితే ఎలా ఉంటుందో తెలుసు కదా, తలుపులు మూసుకున్నా వాసన వదలదు. రెండు గదులూ ఆ వాసనే. కొయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి అత్తయ్యే లేచి, కత్తికి నూనె రాసి, ఒక్కతే పండు కోసింది. కళ్ళు మూసుకుని ఒక తొన నోట్లో పెట్టుకుంది. "పెడుతోంది. నా నోట్లో పెడుతోంది" అని వెక్కి వెక్కి ఏడ్చింది. మేం భయపడ్డాం గానీ, ఆ రోజు తర్వాతే ఆమె అన్నం తినడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ప్రతి ఏడూ మొదటి పండు అలాగే తినేది. మిగతా ఏడాదంతా ఆ తొనతోనే గడిచేదని మా అందరికీ తెలుసు.

ఇక్కడ నర్సరీ సూపర్నెంటుగారి సంగతి చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. ఒకసారి ఇంటికొచ్చి ఆ పండు తిని మతిపోయి, "డాక్టరూ, ఇంత మంచి చెట్టు పెట్టుకుని ఊరుకున్నావేంటి? పాతిక కొమ్మలివ్వు. అంట్లు కట్టి పెంచుదాం. గింజ చెట్టు ఒక్కటే ఉంటే, దానికేమన్నా అయితే మళ్ళీ పుట్టదు, నీకు నేను చెప్పాలా?" అన్నాడు. మామయ్య అత్తయ్య వైపు చూశాడు.

అత్తయ్య చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది. "నా బిడ్డని ముక్కలు చేసి పదిమందికి పంచుతారా? ఆ చెట్టుకి కత్తి పెడితే నేను బతకను" అంది.

సూపర్నెంటుగారు నొచ్చుకుని వెళ్ళిపోయాడు. మామయ్య నోరు మెదపలేదు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క నాలుగు కొమ్మలు మామయ్యా, ఆవిడకి చెప్పక్కర్లేదు" అన్నాను మర్నాడు పనిలో. "ఆవిడ వద్దంది కదే" అన్నాడు, అంతే. ప్రపంచంలో ఉన్నవాళ్ళందరి చెట్లకీ అంట్లు కట్టిన మనిషి, తన ఇంటి చెట్టుకి కట్టలేదు.

చిట్టి పోయిన పన్నెండేళ్ళకి, ఆ వానలు వచ్చాయి. వీధి కాలువ పొంగి వెనక్కి తన్నింది. పెరట్లో మోకాలు లోతు నీళ్ళు పదకొండు రోజులు కదలకుండా నిలిచాయి. పనసకి అన్నిటికన్నా పడనిది అదే, వేళ్ళకి నీళ్ళు నిలవడం. మామయ్య బకెట్లతో తోడాడు. నేనూ, పనివాళ్ళూ తోడాం. తోడిన నీళ్ళు మళ్ళీ వచ్చేవి. పన్నెండో రోజు నీళ్ళు తీశాయి గానీ ఆకులు అప్పటికే పండుబారాయి. వారం తిరిగేసరికి గలగలా రాలిపోవడం మొదలుపెట్టాయి.

అప్పుడు అత్తయ్యే అంది: "ఏవండీ, కత్తి తీసుకోండి."

అంటుకి కొమ్మ కొయ్యాలంటే ముందు దాని ఆకులు కత్తిరించి, పది రోజులు చెట్టుమీదే ఉంచి, మొగ్గ ఉబ్బాక కొయ్యాలి. ఆ పది రోజులు చెట్టుకి లేవు. మామయ్య నిచ్చెన వేసుకుని, ఏ కొమ్మ గోటితో గీరితే కాస్త పచ్చగా కనబడిందో ఆ కొమ్మల్లా కోశాడు. నలభై అంట్లు కట్టాడు. ఆయన కట్టినవాటిలో అంత అందమైన కట్లు నేనెప్పుడూ చూడలేదు. చెట్టు ఆ నెలలోనే నిలువునా ఎండిపోయింది.

రోజూ పొద్దున్నే అత్తయ్య నర్సరీ గేటు దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "ఏమైనా బతికాయా?" అని అడిగేది. "చూద్దాం" అనేవాడు మామయ్య. కొమ్మలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఇరవై మిగిలాయి, తర్వాత ఆరు, తర్వాత ఒక్కటి. ఆ ఒక్కదాని పక్కన మామయ్య స్టూలు వేసుకుని కూర్చునేవాడు. సూపర్నెంటుగారు ఇంకో పని చెప్పడానికి కూడా ధైర్యం చెయ్యలేదు.

పందొమ్మిదో రోజు నేను ముందొచ్చాను. పై కొమ్మ నొక్కితే తొక్క జారిపోయింది, లోపల నల్లగా ఉంది. కట్టుకి కింద మాత్రం ఇంతుంది, నవనవలాడుతూ ఒక చిగురు. ఏళ్ళ తరబడి అలవాటు కదా, నా చెయ్యి దానంతటదే గిల్లడానికి వెళ్ళింది. ఎప్పుడొచ్చాడో మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"గిల్లకు."

"మామయ్యా, పై కొమ్మ పోయింది. ఇది దొంగ చిగురు."

"తెలుసు."

గేటు దగ్గర అత్తయ్య వచ్చి నిలబడింది. "బతికిందా?" అని అడిగింది. ఆ రోజు ఆమె గొంతులో ఏమీ మిగల్లేదు.

"చిగురేసింది" అన్నాడు మామయ్య.

అత్తయ్య అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఏడుస్తూ నవ్వింది. నర్సరీలో అందరూ వచ్చి ఆమె చుట్టూ చేరారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నేను మామయ్య మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు.

మధ్యాహ్నం షెడ్డు వెనక ఆయన్ని నిలదీశాను. "ఏం పోయేకాలం నీకు? ఎందుకిలా చేశావు?"

"పోయిందని చెప్తే ఆవిడ ఏమంటుందో తెలుసా? అప్పుడు కొమ్మలు కొయ్యనిచ్చి ఉంటే నర్సరీ నిండా చిట్టి చెట్లే ఉండేవి కదా అంటుంది. నేనే అడ్డం పడి చంపుకున్నాను అంటుంది. ఆ మాట ఆవిడ నోటినుంచి నేను వినలేనే."

"మరి కాయ కాసినప్పుడో?"

"అప్పటికి ఎవరుంటామో, ఎవరు పోతామో" అన్నాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అత్తయ్యకి చెప్పకు."

అంత పెద్దవాడు అలా చేతులు పట్టుకుంటే ఏం చెయ్యను? సరేనన్నాను.

మొక్కని ఇంటి ముందు, నీళ్ళు నిలవకుండా దిబ్బ పోసి నాటాడు. కట్టు మట్టికి పైన ఉండాలని మొక్క కొన్న ప్రతివాడికీ ముప్ఫై ఏళ్ళు చెప్పిన మనిషి, ఆ రోజు కట్టుని మట్టి కింద పెట్టి పూడ్చేశాడు. చిగురు ఎక్కడనుంచి వచ్చిందో ఇక ఎవరికీ కనబడదు.

అత్తయ్య దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. దానికి కంచె కట్టింది. ఎండాకాలం పాత దుప్పటి నీడ పట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోస్తూ, "ఏమ్మా, తిన్నావా?" అని మాట్లాడేది. మామయ్య పక్కన నిలబడి ఆ మాటలు వినేవాడు.

లేత మొక్క కదా, ఆకులు చీలికలుగా వచ్చాయి. గింజ మొక్క ఆకులు అలాగే ఉంటాయి. అంటు మొక్కవి అలా ఉండవు. "అదేంటే, దాని ఆకు ఇలా ఉండేది కాదే?" అని అత్తయ్య నన్నడిగింది. "కొత్త నేల కదత్తయ్యా" అన్నాను. అంటు మొక్క నాలుగో ఏట కాయాలి. కాయలేదు. "నాలుగేళ్ళన్నారు కదే మీ మామయ్య?" అంది. "ఒక్కోటి ఆలస్యం చేస్తాయత్తయ్యా" అన్నాను. ఒకటని చెప్పుకోడానికి లేదు, అలాంటివి ఎన్ని చెప్పానో. నన్ను అడగడానికి కారణం ఉంది. మామయ్య తనని ఓదార్చడానికి ఏదైనా అంటాడని ఆమె అనుమానం. నేను ముక్కుసూటిగా మాట్లాడతాననీ, నా నోట అబద్ధం రాదనీ ఆమె నమ్మకం.

ఆరో ఏట ఒక్క కాయ కాసింది. అప్పటికి మామయ్య రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. కాయ పెరుగుతున్నకొద్దీ ఆయన తిండి తగ్గింది. పండిందని అత్తయ్య కబురు పెడితే ఒక ఆదివారం పగలు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది, వెళ్ళాను.

ముందు గదిలో పాత పేపర్లు పరిచింది. కొత్త చీర కట్టుకుంది. కత్తికి నూనె రాసి పండుని రెండుగా చేసింది. తొనలు పాలిపోయి, మెత్తగా ఉన్నాయి. "మొదటి కాపు కదా, రంగు తగ్గింది" అంది. కళ్ళు మూసుకుని ఒక తొన నోట్లో పెట్టుకుంది.

నమిలింది. ఇంకొకటి తీసుకుంది. కళ్ళు తెరవకుండానే మూడోది, నాలుగోది. గబగబా తింటోంది, ఆకలితో కాదు, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు. ఆమె గడ్డం మీద రసం కారుతోంది. తర్వాత ఆగిపోయింది.

"రావట్లేదు" అంది.

"చిట్టి రావట్లేదే. ఇదే పండు, ఇదే చెట్టు. నా నోటికేమైంది? నాకు దాని రుచే గుర్తు లేదు." అరచేత్తో నుదురు కొట్టుకుంది. "కన్నతల్లిని, నా బిడ్డ పెట్టిన పండు నేను మర్చిపోయాను. ఇంకేం మర్చిపోయానో. దాని మొహం కూడా మర్చిపోతాను కాబోలు!"

నా నోటిదాకా మాట వచ్చింది. మామయ్య గడప దగ్గరనుంచి లేచాడు. వచ్చి ఆమె ఎదురుగా ఆ పేపర్ల మీద కూర్చుని, కొట్టుకుంటున్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు మర్చిపోలేదు. ఇది పాప చెట్టు కాదు."

మొత్తం చెప్పాడు. నల్లబడిన కొమ్మ, కింద చిగురు, పూడ్చిన కట్టు, అన్నీ. పని గురించి కొత్తవాళ్ళకి చెప్పినట్టు, మెల్లగా, ఏదీ వదలకుండా చెప్పాడు. ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎప్పుడు పోయింది?" అంది అత్తయ్య.

"పందొమ్మిదో రోజు. మంగళవారం. పొద్దున్నే."

"అయితే ఇన్నేళ్ళూ మీరు ఏడవలేదా?"

"ఎప్పుడు ఏడవను? నువ్వు నీళ్ళు పోస్తూ ఉంటే!"

అప్పుడామె ఆ మాట అననే అంది. "కొయ్యనివ్వనిది నేనే. నేనే కదండీ." మామయ్య తల అడ్డంగా ఊపుతూ, "నీ మాట విన్నవాణ్ణి నేను. తెలిసీ విన్నాను" అన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. జిగురు చేతులతోనే పట్టుకున్నారు. ఆరేళ్ళ కిందట పోయిన చెట్టుకి, పద్దెనిమిదేళ్ళ కిందట పోయిన పిల్లకి, అన్నిటికీ కలిపి ఏడ్చారు. ఆయన్ని ఆమె అక్కడికక్కడే క్షమించింది. నేను నా కళ్ళతో చూశాను.

చాలాసేపటికి అత్తయ్య తలెత్తి నన్ను చూసింది.

"నీకూ తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"నువ్వు చెప్తావనుకున్నానే నేను" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానలేదు. వెళ్తే టీ ఇస్తుంది. పిల్లలెలా ఉన్నారని అడుగుతుంది. కానీ నేనేదైనా చెబితే వినేసి, ఇంకొకర్ని అడిగి చూసుకుంటుంది. బస్సు ఎన్నింటికో నేను చెప్పినా పక్కింటావిడని మళ్ళీ అడుగుతుంది. కావాలని చేసేది కాదు. అలా అయిపోయింది.

ఏడాది తిరక్కుండానే మామయ్యకి గుండె నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులు నేనూ అత్తయ్యా మార్చి మార్చి ఉన్నాం. మూడో రోజు పదకొండింటికి, ఆమె స్నానానికని ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన పోయాడు. ఫోను చెయ్యాల్సింది నేనే. నర్సు మంచం పక్కన ఏదో రాసుకుంటోంది.

"అత్తయ్యా, మామయ్య ఇక లేడు" అన్నాను.

"అక్కడ నర్సుందా? ఫోను ఆమెకివ్వు" అంది అత్తయ్య.

ఇచ్చాను.